మంచుకు పన్నెండు నిమిషాలు

శుక్రవారం ఉదయం ఆరున్నరకు, మస్కట్ నగరం అజైబా పేటలో సెలవురోజు జనం ఇంకా ముసుగులు తీయని వేళ, జనార్దనరావు తన భార్యాబిడ్డలను హాల్లో వరసగా నిలబెట్టి కోట్ల గుండీలు పరీక్షిస్తున్నాడు. బయట ఇరవై రెండు డిగ్రీలుంది. మస్కట్‌లో డిసెంబరు అంటే ఏసీలు కట్టేసి కిటికీలు తెరుచుకునే నెల, అంతకు మించి చలేమీ ఉండదు. కోట్లు మాత్రం సున్నాకు పది డిగ్రీలు దిగువన కూడా కాపాడతామని అట్టపెట్టె మీద హామీ ఇచ్చిన కోట్లు.

"ఏవండీ, చెమటలు కారిపోతున్నాయి," అంది దమయంతి.

"కారనీ. అక్కడ కారవుగా!"

"అక్కడ కారకపోతే ఇక్కడ కార్చుకోవడం ఎందుకండీ?"

ఈ ప్రశ్నకు జనార్దనరావు దగ్గర జవాబు ఉంది. ఆయన ఒక కట్టడాల కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. ఒక భవనంలో నూట ఎనభై స్నానాలగదులుంటే, ముందు ఒక్క గది పూర్తిగా కట్టి, కొళాయి తిప్పి, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి, అప్పుడు మిగతా నూట డెబ్భైతొమ్మిది మొదలుపెడతారు. దాన్ని సైటులో మాకప్ అంటారు. మాకప్ లేకుండా జనార్దనరావు జీవితంలో ఏ పనీ చేయలేదు. పెళ్ళి ఒక్కటే అలా చేశాడు. ఆ సంగతి అప్పుడప్పుడు బాధతో తలుచుకుంటాడు కూడా.

ఇప్పుడు కట్టవలసింది యూరపులోని ప్రాగ్ నగరంలో ఒక రోజు. కంపెనీ ఇచ్చింది బుధ, గురువారాలు, రెండు రోజుల సెలవు. బుధవారం వెళ్ళే ప్రయాణం, వారాంతంలో తిరుగు ప్రయాణం తీసేస్తే, నగరం చూడటానికి మిగిలేది వచ్చే గురువారం ఒక్కటే. ఆ ఒక్క రోజులో పధ్నాలుగు చూడవలసినవి ఉన్నాయి. కోట, వంతెన, చర్చీలు, పాత వీధులు, వాటి మధ్య నడక, నడకలో పిల్లలు సాగతీసే సమయం, అన్నిటికీ నిమిషాలతో సహా పట్టీ తయారైంది.

దమయంతి అడిగింది మాత్రం రెండే. ఒమాన్ వచ్చిన పంతొమ్మిదేళ్ళలో ప్రతి సెలవూ కాకినాడలో ఎవరి గృహప్రవేశానికో, ఎవరి మనవడి బారసాలకో ఖర్చయిపోయింది. ఈసారి పడుతున్న మంచు కింద చెయ్యి చాపి నిలబడాలి. గంట కొట్టినప్పుడల్లా చిన్న తలుపుల్లోంచి బొమ్మలు తొంగిచూసే ఆ పాత గడియారం కింద తీరిగ్గా నించుని చూడాలి. ఈ రెండు తప్ప నాకింకేమీ వద్దని చెప్పింది. జనార్దనరావు వెంటనే పట్టీలో చేర్చాడు. గడియారం, తొమ్మిది నిమిషాలు. మంచు, పన్నెండు నిమిషాలు.

"ఆ పన్నెండు నిమిషాల్లో మంచు పడకపోతేనో?"

"పడుతుంది. వాతావరణం చూసే పెట్టాను," అన్నాడు జనార్దనరావు.

ఇందులో ఇంకో నియమం కూడా ఉంది. విషయం ఎవరికీ చెప్పకూడదు. నిరుడు పారిస్ వెళ్తున్నామని వీధి వీధికీ చెప్పుకున్నాక వీసా రాలేదు. ఆరు నెలలపాటు కనబడ్డవాళ్ళందరూ "పారిస్ ఎలా ఉందండీ?" అని అడిగి చంపారు. అందుకని ఈసారి విమానం దిగేదాకా నోరు విప్పకూడదని నలుగురూ దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్నారు. వాళ్ళలో అందరికన్నా నిష్ఠగా ఒట్టు పెట్టుకున్నవాడు నాలుగో తరగతి చదువుతున్న కొడుకు కార్తీక్.

పెట్టెలు కూడా మాకప్‌లో భాగమే. రాళ్ళు పరిచిన వీధుల్లో చక్రాలు ఎలా దొర్లుతాయో తెలియాలి కదా. నాలుగు పెద్ద పెట్టెలు కారులోకి ఎక్కిస్తుండగా, చేతిలో పాల ప్యాకెట్లతో పక్కింటి షైస్తా ఎదురైంది. హైదరాబాదు మనిషి. పదేళ్ళుగా గోడకు అటు ఆమె, ఇటు దమయంతి.

"ఏంది దమయంతీ, పొద్దున్నే ఇంత సామాను? ఎక్కడికి?"

దమయంతికి అబద్ధం చెప్పడం రాదు, నిజం చెప్పకూడదు. "ఊరికే... అలా..." అంది.

"ఊరికేనా? నాలుగు పెట్టెలా? ఎప్పుడొస్తరు?"

పదకొండో తరగతి చదివే కూతురు రిషిత ఫోనులోంచి తల ఎత్తకుండానే, "తెలీదు ఆంటీ," అంది.

"మేం ఎక్కడికీ వెళ్ళట్లేదు," అన్నాడు కార్తీక్ గట్టిగా. "ఎవరికీ చెప్పకూడదన్నారు."

షైస్తా ముఖం మారిపోయింది. గల్ఫులో ఉద్యోగం పోయినవాడు పోయిందని చెప్పడు, తెల్లవారుజామున పెట్టెలు సర్దుకుంటాడు. ఆమె దమయంతి చేతులు పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "దేవుడున్నడులే," అని లోపలికి వెళ్ళిపోయింది. దమయంతికి ఏం అర్థం కాలేదు. జనార్దనరావు గడియారం చూసుకుని, నాలుగు నిమిషాలు ఆలస్యమైందన్నాడు.

నమూనా ప్రాగ్‌గా ఆయన ఎంచుకున్నది గంట దూరంలో ఉన్న సమాయిల్. అక్కడ గుట్ట మీద కోట ఉంది, వాగు మీద వంతెన ఉంది, ఖర్జూరం తోటల మధ్య రాళ్ళ దారి ఉంది. లేనిది చలి ఒక్కటే. దాన్ని కారులో ఏసీ పదహారుకు తిప్పి సమకూర్చాడు. చెమటతో తడిసిన బట్టల మీద ఆ గాలి తగిలేసరికి నలుగురికీ పళ్ళు టకటకలాడాయి.

"చూశారా? అచ్చం ప్రాగే!" అన్నాడు జనార్దనరావు. ఆయన పెదవులు అప్పటికే నీలంగా మారుతున్నాయి.

దారిలో దమయంతికి రమణి ఫోను చేసింది. రమణి భర్త జయదేవ్ మస్కట్ తెలుగు సంఘానికి కార్యదర్శి. ఆవిడ గొంతు బరువుగా ఉంది.

"నేనేమీ అడగను దమయంతి గారూ. చెప్పుకోలేని సంగతులు ఎవరికైనా ఉంటాయి. కానీ మీ బాల్కనీలో కరివేపాకు మొక్కుంది చూశారూ, అది మాత్రం ఇంకెవరికీ మాటివ్వకండి. నేను కన్నబిడ్డలా చూసుకుంటాను."

"నా మొక్క మీకెందుకండీ?" అంది దమయంతి తెల్లబోయి.

"మీరు ఇప్పుడు దుఃఖంలో ఉన్నారు. తర్వాత మాట్లాడుకుందాం," అని రమణి పెట్టేసింది.

మస్కట్‌లో కరివేపాకు మొక్క బతకడమే ఒక విశేషం. అది నడుమెత్తు పెరగడం ఇంకా విశేషం. ఊరు వదిలి శాశ్వతంగా వెళ్ళిపోయేవాళ్ళ ఇంట్లో సోఫాల కన్నా, ఫ్రిజ్జుల కన్నా ముందు బేరం కుదిరేది దానికే. దమయంతి ఆలోచనలో పడింది. "ఏవండీ, మనం ఏదో వెళ్ళిపోతున్నామని అనుకుంటున్నట్టున్నారు," అంది.

"అనుకోనీ. ఒట్టు ఒట్టే," అన్నాడు జనార్దనరావు.

సమాయిల్ చేరాక మొదటి మూడూ సవ్యంగానే జరిగాయి. వంతెన మీద పెట్టెలు లాగారు. నాలుగోదైన కోట ఎక్కే దారిలో ఎండ నెత్తికెక్కింది. మోకాళ్ళు దాటిన కోటు, చెవులు మూసిన కోతిటోపీ, చేతులకు తొడుగులతో, పెట్టె లాక్కుంటూ జనార్దనరావు ముందు నడుస్తున్నాడు. అప్పుడు పక్క సందులోంచి ఎవరో "సార్!" అని కేక పెట్టారు.

అతను భూమయ్య. జగిత్యాల దగ్గరి మనిషి. ఆ ఊళ్ళోనే కంపెనీ కడుతున్న బడి సైటులో పని చేస్తాడు. సెలవురోజని రూముకు కూరగాయలు కొనుక్కెళ్తున్నాడు.

"నమస్తే సార్. ఏమైంది సార్, గిట్ల కోట్లేసుకున్నరు? సలి పెడుతుందా?"

జనార్దనరావుకు ఒట్టు గుర్తొచ్చింది. "ఆఁ... కొంచెం," అన్నాడు.

"గింత ఎండల సలేంది సార్?" భూమయ్య చొరవగా తొడుగు లాగి చెయ్యి పట్టుకుని చూశాడు. ఆ కోటులో అరగంటగా ఉడుకుతున్న చెయ్యి అది. "వామ్మో! కుంపటి లెక్క కాలుతుంది సార్! మేడమ్, మీకు గూడ సలి పెడుతుందా? పిల్లలకు గూడనా? సార్, గీడనే దవఖాన ఉన్నది, నేను తోల్కపోత రండి."

"నాకేం లేదు భూమయ్యా, వెళ్ళు."

"లేదంటరేంది సార్? చెమట జూడండి ఎట్ల కారుతుందో. మా ఊర్ల మా చిన్నాయినకు గిట్లనే అయింది. కంబళి కప్పుకున్నోడు కప్పుకున్నట్టే పోయిండు."

పట్టీ ప్రకారం అప్పటికి కోట గుమ్మం దగ్గర ఉండాలి. చిన్నాయన గురించి వినడానికి అందులో వ్యవధి లేదు. జనార్దనరావు అతన్ని పక్కకు జరిపి, పెట్టె లాక్కుంటూ ముందుకు సాగాడు. వెనక నుంచి చూస్తే ఆ నడక నిజంగానే కొంచెం తూలుతోంది. భూమయ్య తన ఫోర్‌మన్ గంగాప్రసాద్‌కు ఫోను చేశాడు. గంగాప్రసాద్ ఆఫీసులో సెలవులూ కాగితాలూ చూసే ఫజల్‌కు చేశాడు. సరిగ్గా అదే సమయానికి షైస్తా చెప్పిన మాట రమణి నోటి మీదుగా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపుకు చేరింది.

విడివిడిగా ఉంటే ఆ రెండు మాటల్నీ ఎవరూ నమ్మేవారు కాదు. కలిసేసరికి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. జనార్దనరావు హఠాత్తుగా దేశం వదిలి ఎందుకు వెళ్తున్నాడు? జబ్బు చేసింది కాబట్టి. జబ్బు అంత పెద్దదని ఎలా తెలుసు? దేశం వదిలి వెళ్తున్నాడు కదా!

పదకొండున్నరకు, ఎనిమిదో స్థలంలో ఉండగా, ఫజల్ ఫోను వచ్చింది. ఫజల్ మంచివాడే గాని కాగితం ముందు నిక్కచ్చి మనిషి. హిందీలో మెల్లిగా మాట్లాడాడు. "జనార్దన్ సాబ్, విన్నాను. చాలా బాధగా ఉంది. కానీ రూలు రూలే. శాశ్వతంగా వెళ్ళిపోయే మనిషికి సెలవుండదు. వచ్చే వారం మీ రెండు రోజులు ఆపేస్తున్నాను. ముందు రాజీనామా ఇవ్వండి, పనులు అప్పగించండి, ఆ తర్వాత మందూ మాకూ అన్నీ నేను చూసుకుంటాను."

జనార్దనరావు ఫోను చెవి దగ్గర పెట్టుకునే భార్య వంక చూశాడు. పక్కనే నిలబడ్డ దమయంతి అంతా విన్నది. ఆమె పెట్టె మీద కూర్చుని కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పసాగింది. కోపం లేదు, ఏడుపు లేదు. పంతొమ్మిదేళ్ళలో ఆయన ఎన్ని పట్టీలు రాసినా నవ్వుతూ వెంట నడిచిన మనిషి. ఆమె ఏడ్చినా బాగుండేదని జనార్దనరావుకు అనిపించింది.

"ఫజల్ భాయ్," అన్నాడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాడు. "నాకే జబ్బూ లేదు. నేనెక్కడికీ వెళ్ళిపోవడం లేదు. బుధవారం మేం ప్రాగ్ చూడ్డానికి వెళ్తున్నాం."

"ప్రాగ్?"

"ప్రాగ్."

"మరి ఇప్పుడు సమాయిల్‌లో కోట్లు వేసుకుని ఏం చేస్తున్నారు?"

"మాకప్."

అవతల ఫజల్ లెక్క వేసుకున్నాడు. కంపెనీలో చేరిన పదకొండేళ్ళలో జనార్దనరావు ఒక్క పూట కూడా జ్వరమని సెలవు పెట్టలేదు, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఇవాళ ఇలా మాట్లాడుతున్నాడంటే జ్వరం తలకెక్కిందన్నమాట. ఫజల్ ఇంకా గొంతు తగ్గించాడు. "మంచిది సాబ్. ఎవరికీ చెప్పుకోవడం ఇష్టం లేదు, అర్థమైంది. మీ సెలవు ఎక్కడికీ పోదు. కావాలంటే నెల తీసుకోండి. ప్రాగ్‌లో ఏ ఆసుపత్రి?"

"ఆసుపత్రి కాదు భాయ్! రెండు రోజులు చాలు!"

"ఇంత బాధలోనూ డ్యూటీ మరవరు మీరు," అని ఫజల్ ఫోను పెట్టేశాడు.

సెలవు మిగిలింది, పరువు పోయింది. అంతవరకూ లాభమే అనుకున్నాడు జనార్దనరావు. "గుండీలు పెట్టుకో దమయంతీ. ఇంకా ఆరున్నాయి," అన్నాడు.

"నాన్నా, ప్లీజ్," అంది రిషిత.

"మాకప్ సగంలో ఆపితే నీళ్ళు ఎటు పారతాయో తెలీదమ్మా."

పధ్నాలుగూ పూర్తిచేసి, తడుస్తూ ఆరుతూ, మళ్ళీ పదహారు డిగ్రీల గాలిలో గంటసేపు వణికి, సాయంత్రం ఇంటికి చేరేసరికి గుమ్మం ముందు పాతిక మంది ఉన్నారు. జయదేవ్ చేతిలో పట్టుశాలువా ఉంది. కొందరి చేతుల్లో పళ్ళు, కొందరి చేతుల్లో మందులు ఉన్నాయి. కోటులో, కోతిటోపీతో, కళ్ళు పీక్కుపోయిన జనార్దనరావు కారు దిగగానే అందరూ ఒక్కసారి హతాశులయ్యారు.

"ఎంత చిక్కిపోయారండీ! మొన్న వినాయకచవితికి ఎలా ఉండేవారు!" అంది రమణి.

ఆయన పెట్టె ఎక్కి నిలబడ్డాడు. దాచింది చాలు, ఇక బయటపెట్టి తీరాలని నిశ్చయించుకున్నాడు. "అందరూ వినండి! నేను ఆరోగ్యంగా ఉన్నాను! మేం ప్రాగ్ వెళ్తున్నాం! మంచు చూసి తిరిగొస్తాం!" అని అరిచి, ఆఖరున గట్టిగా తుమ్మాడు.

రమణి అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. జయదేవ్ ముందుకు వచ్చి శాలువా కప్పి, చిన్నపిల్లవాడిని ఊరుకోబెట్టినట్టు వీపు నిమిరాడు. "చూద్దురుగాని జనార్దనరావుగారూ, తప్పకుండా చూద్దురుగాని," అన్నాడు.

ఆ సాయంత్రం నిజం చెప్పినకొద్దీ ఏడ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. చివరికి జనార్దనరావు నోరు మూసుకుని, ఇచ్చినవన్నీ పుచ్చుకున్నాడు. ఒక థర్మామీటరు, మిరియాల చారుపొడి రెండు సీసాలు, వేడినీళ్ళ ఫ్లాస్కు, నాలుగు రకాల మాత్రలు వచ్చాయి. వెళ్ళింది కరివేపాకు మొక్క. దమయంతి కాదనేలోపే రమణి, జయదేవ్ కుండీని చెరో పక్కా పట్టుకుని మెట్లు దిగిపోయారు.

ఆదివారానికి జనార్దనరావు ముక్కు దిబ్బడేసింది. మంగళవారానికి గొంతు పోయింది. అది దుమ్మువల్లనేనని ఆయన బుధవారం విమానంలో కూడా వాదించాడు. గురువారం ఉదయం ప్రాగ్ హోటలు గదిలో, ఏడు గంటలకు, పట్టీ చేత్తో పట్టుకుని మంచం దిగబోయి మళ్ళీ మంచం మీదే కూలబడ్డాడు. రమణి ఇచ్చిన థర్మామీటరు నూట రెండు చూపించింది.

కిటికీ బయట మంచు పడుతోంది. పిల్లలిద్దరూ అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డారు.

"లేస్తాను. ఏడూ నలభైకి ట్రాము," అన్నాడు జనార్దనరావు. కోటులో ఒక చెయ్యే దూర్చగలిగాడు.

దమయంతి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చారుపొడితో వేడివేడిగా చారు కలిపి ఫ్లాస్కులో పోసింది. జయదేవ్ కప్పిన శాలువా మెడ చుట్టూ చుట్టింది. మాత్రలు వరసగా పేర్చింది. అన్నీ అయ్యాక తన కోటు గుండీలు పెట్టుకుంది. ఈసారి ఒక్కటి కూడా వదల్లేదు.

"పడుకోండి," అంది. "మేం వెళ్ళొస్తాం."

"పట్టీ తీసుకెళ్ళు."

"మీ దగ్గరే ఉంచుకోండి. కాలక్షేపంగా ఉంటుంది."

పంతొమ్మిదేళ్ళలో ఆమె ఆయన మాట కాదనడం అదే మొదలు. తలుపు నెమ్మదిగా మూసుకుంది. జనార్దనరావు పట్టీ గుండెల మీద పెట్టుకుని, తొమ్మిదింటికి వాళ్ళు వంతెన మీద ఉండాలి కదా అని దమయంతికి ఫోను చేశాడు. మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. పదింటికి కోట వేళకు చేశాడు. అప్పటికి స్విచ్చాఫ్ అయింది. పదకొండింటికి ఫోను తనంతట తానే మోగితే ఆత్రంగా అందుకున్నాడు. అది భూమయ్య.

"సార్, ఎట్లుంది పానం?"

"జ్వరం భూమయ్యా. నూట రెండు," అన్నాడు జనార్దనరావు బొంగురు గొంతుతో.

"నేను ఆనాడే జెప్పిన గద సార్! మీరు ఇనకపోతిరి. మల్ల మా గంగాప్రసాద్ అంటడు, సారు మంచిగనే ఉన్నడట, మంచు జూడ పోయిండట అని. అబద్ధాలు!"

జనార్దనరావు ఫోను పక్కన పెట్టాడు. చారు తాగాడు. చాలా బాగుంది. కిటికీలోంచి ఎదురింటి కప్పు మీద మంచు పేరుకోవడం చూస్తూ పడుకున్నాడు. దమయంతి ఇప్పుడు ఎక్కడుందో తనకు తెలియదనే మాట తట్టింది. పెళ్ళయ్యాక ఇంతసేపు తెలియకుండా ఉండటం ఎప్పుడూ లేదు. దిగులేసింది. ఆ దిగులులోనే నిద్రపట్టింది.

వాళ్ళు సాయంత్రం ఆరు దాటాక వచ్చారు. ముగ్గురి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి, కార్తీక్ కోటు వెనకంతా తడిసి ఉంది. దమయంతి నవ్వుతూనే ఉంది. ఏదో చెప్పబోయి మళ్ళీ నవ్వింది. అలా నవ్వగా ఆయన చూసి ఎన్నేళ్ళయిందో.

"ఎన్ని చూశారు?" అన్నాడు జనార్దనరావు.

"రెండు."

"పధ్నాలుగున్నాయి కదే!"

"గడియారం అయిదుసార్లు చూశాం నాన్నా," అన్నాడు కార్తీక్. "గంట గంటకీ బొమ్మలొస్తాయి. అమ్మ కదలనంది. మధ్యలో మంచులో పడి దొర్లాం. అమ్మ కూడా!"

జనార్దనరావుకు ముందు కోపం వచ్చింది, తర్వాత పన్నెండు స్థలాలు తలుచుకుంటే ఏడుపొచ్చింది. అప్పుడు దమయంతి సంచిలోంచి స్టీలు డబ్బా తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఇంటి దగ్గర చేసి తెచ్చిన పులిహోర మధ్యాహ్నం తిన్న డబ్బా అది.

"మీ కోసం మంచు పట్టుకొచ్చానండీ. పైన పడ్డది పడ్డట్టే, నేల మీది కాదు. నిండా కుక్కి తెచ్చాను," అంది.

ఆయన మూత తీశాడు. ట్రాము వేడికీ గది వేడికీ మంచు ఎప్పుడో కరిగిపోయింది. అడుగున రెండంగుళాల నీళ్ళు, నీళ్ళ మీద తేలుతూ ఒక ఆవగింజ ఉన్నాయి. దమయంతి ముఖం చిన్నబోయింది. "అయ్యో, వచ్చేదాకా ఉంటుందనుకున్నాను," అంది.

జనార్దనరావు వేళ్ళు ఆ నీళ్ళలో ముంచి ఒక నిమిషం అలాగే ఉంచాడు. చల్లగా ఉన్నాయి. జ్వరపు ఒంటికి ప్రాణం లేచివచ్చినట్టయింది. ఆయనకు కళ్ళు చెమర్చాయి, జలుబని సర్దిచెప్పుకున్నాడు. తర్వాత చెయ్యి తుడుచుకుని, దిండు కింద నుంచి పట్టీ, కలం తీసి, 'మంచు, పన్నెండు నిమిషాలు' అన్న వరస ఎదురుగా టిక్కు పెట్టాడు.

పదకొండు నిమిషాలు ఆదా అయినట్టు పక్కనే రాసుకున్నాడు.